వాన పడిన చోటే ఆపాలి: పెద్ద వాణిజ్య భవనాల పైకప్పులు, వరద నీరు, వేడి

(మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్మారక ఉపన్యాసం)

విశ్వేశ్వరయ్య గారి పేరున జరిగే ఉపన్యాసంలో హైదరాబాదు ప్రస్తావన రాకుండా ఉండదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలమందిని బలి తీసుకుంది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలిస్తే ఆయన ఇక్కడికి వచ్చి, నది పరీవాహక ప్రాంతాన్ని పరిశీలించి, నీటిని నగరానికి ఎగువనే ఆపాలని తేల్చారు. ఆపిన నీటిని దిగువ నది మోయగలిగినంత మేరకే వదలాలన్నది అందులో రెండో సగం. ఆ ఆలోచన నుంచే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఎగువన నిలపడం, నెమ్మదిగా వదలడం అన్న ఈ రెండు మాటల మీదే ఇవాళ్టి నా వాదన నిలబడుతుంది.

ఆ సూత్రం పాతబడలేదు. ఎగువ ప్రాంతం ఎక్కడుందన్నదే మారింది. ఇప్పుడు నది పొంగకుండానే నగరం మునుగుతోంది. గచ్చిబౌలి, మాదాపూర్, కొండాపూర్ వైపు గంటసేపు గట్టివాన పడితే రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నాయి. ఆ నీరు ఎక్కడి నుంచో వచ్చినది కాదు. అక్కడి స్లాబుల మీద, పార్కింగ్ స్థలాల మీద, రోడ్ల మీద పడ్డ వానే. అంటే నేటి వరదకు ఎగువ మన నెత్తిమీది కప్పే. షాపింగ్ మాల్, మల్టీప్లెక్స్, కన్వెన్షన్ సెంటర్, ఆఫీసు సముదాయం, పెద్ద ఆస్పత్రి లాంటి వెడల్పాటి కప్పున్న భవనాలు తమ మీద పడే వానకు తామే జవాబుదారీ కావాలని నేను వాదిస్తున్నాను. మట్టి పొర, మొక్కలు ఉన్న గ్రీన్ రూఫ్ ఆ పనికి తగిన సాధనం. దాని విలువంతా ఒక్క విషయంలో ఉంది: అక్కడ వరదను తగ్గించిన నీరే ఆ తర్వాత వేడిని తగ్గిస్తుంది. ఈ రెండు లాభాలను విడివిడిగా లెక్కగడుతున్నాం కాబట్టే అది ఖరీదైన అలంకారంలా కనబడుతోంది.

ముందు లెక్క చూద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. హెక్టారు కప్పు అంటే పదివేల చదరపు మీటర్లు. గంటలో 50 మి.మీ. వాన కురిస్తే ఆ ఒక్క కప్పు మీద 5 లక్షల లీటర్లు పడతాయి. వేసవిలో మనం డబ్బిచ్చి తెప్పించుకునే 5 వేల లీటర్ల ట్యాంకర్లు వంద. వట్టి కాంక్రీటు కప్పు అయితే ఆ నీరు నిమిషాల్లో పైపుల్లోంచి దిగి, సెకనుకు దాదాపు 140 లీటర్ల చొప్పున వీధి కాలువలో పడుతుంది. సరిగ్గా అదే సమయానికి పక్క భవనం నీరూ, ఎదుటి భవనం నీరూ అదే కాలువలోకి వస్తాయి. మొత్తం ఎంత వాన పడిందన్న దానికంటే, అంతా ఒకేసారి రావడమే నాలాను ముంచుతుంది. కాబట్టి కప్పు చేయాల్సిన పనులు రెండు. కొంత నీటిని అసలు కిందికి రానివ్వకూడదు. వచ్చేదాన్ని ఆలస్యంగా, సన్నగా రానివ్వాలి.

గ్రీన్ రూఫ్ ఈ రెండు పనులూ ఎలా చేస్తుందో దాని పొరలను చూస్తే తెలుస్తుంది. స్లాబు మీద మొదట వాటర్‌ప్రూఫింగ్. దాని మీద వేళ్లు చొచ్చుకుపోకుండా అడ్డుకునే పొర. ఆపైన చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక. గుంటల్లో కొంత నీరు నిలుస్తుంది, మిగిలింది పలక కింది సందుల్లోంచి జారి డ్రెయిన్‌కు చేరుతుంది. దాని మీద మట్టి రేణువులు కొట్టుకుపోకుండా ఒక వడపోత గుడ్డ. ఆ మీద పది సెంటీమీటర్ల మందాన మొక్కలు పెరిగే మిశ్రమం. ఇందులో పొలం మట్టి వాడరు. అది తడిస్తే బరువెక్కుతుంది, ఎండితే బిగుసుకుపోతుంది. నలగ్గొట్టిన ఇటుక, తేలికైన అగ్నిపర్వత రాయి, కాల్చి ఉబ్బించిన మట్టి గుళికలు, వాటితో కొద్దిగా కంపోస్టు కలుపుతారు. కంపోస్టు ఎక్కువైతే కిందికి వచ్చే నీటిలో భాస్వరం పెరిగి చెరువుల్లో నాచు పడుతుంది, అందుకే కొద్దిగా అన్నాను. ఇది కుండీల్లో కూరగాయలు పెంచే మిద్దెతోట కాదు. రాయలసీమ మట్టిమిద్దెకు దీనికీ కూడా తేడా ఉంది. మట్టిమిద్దె మీద చవుడు పరిచేది నీరు ఇంకకుండా జారిపోవడానికి, ఇక్కడ మిశ్రమం పరిచేది నీటిని పట్టి ఉంచడానికి. బాగా ఆరిన పది సెంటీమీటర్ల పొర 25 మి.మీ. వాన దాకా పట్టుకోగలదు. మన హెక్టారు కప్పు మీద అది రెండున్నర లక్షల లీటర్లు.

ఇది కాగితం మీది ఊహ కాదని చెప్పడానికి కొలతలున్నాయి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకుల అధ్యయనాన్ని 2009లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రచురించింది. ఏడాది మొత్తం వానలో దాదాపు సగం పలచటి గ్రీన్ రూఫ్‌ల నుంచి కిందికి దిగలేదని అందులో తేలింది. వేసవిలో పడే చిన్న వానలు దాదాపు పూర్తిగా అక్కడే ఆగాయి, చలికాలంలో ఐదో వంతు కూడా ఆగలేదు. ఈ తేడాకు కారణం తర్వాత చెబుతాను, నా వాదనకు అదే ఆయువుపట్టు. అమెరికా ప్రభుత్వ భవనాలను నిర్వహించే జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం మూడు నాలుగు అంగుళాల పొర గరిష్ఠ ప్రవాహాన్ని 65 శాతం దాకా తగ్గించగలదు, నీరు కాలువకు చేరడాన్ని మూడు గంటల దాకా ఆలస్యం చేయగలదు. న్యూయార్క్‌లోని జావిట్స్ కన్వెన్షన్ సెంటర్ మీద 2014లో పూర్తయిన 6.75 ఎకరాల గ్రీన్ రూఫ్ ఏటా 70 లక్షల గ్యాలన్ల దాకా, అంటే రెండున్నర కోట్ల లీటర్లకు పైగా, వాన నీటిని మురుగు కాలువల్లోకి వెళ్లకుండా ఆపుతోంది. అక్కడ వాన నీరు, మురుగు ఒకే పైపులో పోతాయి. పైపు నిండితే శుద్ధి కాని మురుగు నదిలోకి పొర్లుతుంది. మన నగరాల్లో రెండూ వేర్వేరని కాగితం మీద ఉన్నా, గట్టివాన పడ్డ రోజున నాలాల్లో, మ్యాన్‌హోళ్ల దగ్గర రెండూ కలిసిపోతున్నాయి.

ఇక వేడి సంగతి. ఒక లీటరు నీరు ఆవిరవడానికి దాదాపు 0.68 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడి కావాలి. మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఈ కారణంగానే. కప్పు మీద చదరపు మీటరుకు రోజుకు మూడు లీటర్లు ఆవిరైతే రెండు యూనిట్ల వేడి అందులో ఖర్చవుతుంది. తెలంగాణ ఎండకు చదరపు మీటరు మీద రోజుకు పడే సౌరశక్తి ఐదారు యూనిట్లు. అంటే స్లాబును కాల్చాల్సిన ఎండలో మూడో వంతు వరకు నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. దీనికి తోడు ఆకుల నీడ, మట్టి మందం. షికాగో సిటీ హాల్ కప్పు మీద దీన్ని కళ్లకు కట్టినట్టు చూశారు. 1995 జులైలో వడగాలికి 700 మందికి పైగా చనిపోయిన నగరం అది. ఆ భవనంలో సగం నగర పాలక సంస్థది, సగం కుక్ కౌంటీది. నగరం తన భాగంలో 20 వేల చదరపు అడుగుల తోట వేసింది, కౌంటీ భాగం నల్ల తారుతోనే ఉండిపోయింది. 2001 ఆగస్టులో ఒక ఎండ మధ్యాహ్నం తారు కప్పు 76 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. అదే స్లాబుకు కొనసాగింపుగా ఉన్న తోట భాగంలో ఉపరితలం 33 నుంచి 48 డిగ్రీల మధ్యే ఉంది. కెనడాలో ఒటావా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ చేసిన పోలికలో మామూలు కప్పు వాటర్‌ప్రూఫింగ్ పొర 70 డిగ్రీలు దాటితే, మొక్కల కింద ఉన్న పొర 25 డిగ్రీల దగ్గర ఆగింది.

ఈ అంకెలు ఉపరితలానివి, గాలివి కావు. వీధిలో నడిచే మనిషికి ఒక్క భవనం కప్పు పెద్ద ఊరటనివ్వదు. భవనం లోపల కూడా లాభం ప్రధానంగా పై అంతస్తుదే. జావిట్స్ సెంటర్‌లో విద్యుత్ వాడకం 26 శాతం తగ్గిందని చెప్పుకుంటారు గానీ, అప్పుడే అద్దాలూ ఏసీ యంత్రాలూ మార్చారు కాబట్టి ఆ ఘనతంతా కప్పుకు కట్టబెట్టకూడదు. ముప్పై అంతస్తుల టవర్ మీద గ్రీన్ రూఫ్ వేసి కరెంటు బిల్లు తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నాలుగైదు అంతస్తుల్లో పరుచుకున్న మాల్ సంగతి వేరు. అక్కడ కప్పు భవనంలో పెద్ద భాగం. ఏసీ బయటి యూనిట్లు ఉండేదీ ఆ కప్పు మీదే, చుట్టూ గాలి ఎంత వేడిగా ఉంటే అవి అంత ఎక్కువ కరెంటు తాగుతాయి. నేను పెద్ద వాణిజ్య భవనాలనే ఎంచుకోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు చలికాలం తేడాకు వద్దాం. చలికాలంలో ఆ కప్పులు నీటిని ఆపలేకపోయినది మట్టి ఆరకపోవడం వల్ల. పొరలో నీరు ఆవిరైతేనే తర్వాతి వానకు చోటు ఖాళీ అవుతుంది. అంటే చల్లబరిచే పని ఎంత బాగా సాగితే వరదను ఆపే పని అంత బాగా సాగుతుంది. రెండున్నర లక్షల లీటర్లు పట్టిన కప్పు, చదరపు మీటరుకు రోజుకు మూడు లీటర్ల చొప్పున దాదాపు ఎనిమిది రోజుల్లో మళ్లీ ఖాళీ అవుతుంది, ఆ ఎనిమిది రోజులూ భవనాన్ని చల్లగా ఉంచుతుంది. మొక్కల ఎంపికలోనూ ఇదే గీటురాయి. చలి దేశాల్లో సాధారణంగా సీడమ్ మొక్కలు వేస్తారు. మన రణపాల కుటుంబానికే చెందిన ఈ దళసరి ఆకుల మొక్కలు నీరు దొరకనప్పుడు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తాయి. కరువుకు తట్టుకుంటాయి గానీ, అంత పొదుపరి మొక్క పగటిపూట నీటిని ఆవిరి చేయడంలోనూ పొదుపే చూపిస్తుంది. మనకు కావలసింది తడి ఉన్నప్పుడు ధారాళంగా, లేనప్పుడు పొదుపుగా బతికే మొక్క. తెలంగాణ చేలగట్ల మీద మొలిచే గంగవాయిలి కూర, కోస్తాలో పాయలాకు అనేది, సరిగ్గా ఈ రెండు పద్ధతుల మధ్య మారగలదు. విదేశీ జాబితా తెచ్చి ఇక్కడ నాటడం కన్నా, మన బీడుల్లో ఏ మొక్కలు ఇలా బతుకుతున్నాయో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు పరీక్షించి చెప్పడం మేలు.

దీనికి బలమైన అభ్యంతరాలున్నాయి. మొదటిది: కుంభవృష్టి కురిస్తే ఇదేం ఆపుతుంది? 2020 అక్టోబరు 13న హైదరాబాదు పరిసరాల్లో కొన్నిచోట్ల ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటింది. 25 మి.మీ. పట్టే పొర అందులో పన్నెండో వంతు కూడా ఆపలేదు, అదీ పొడిగా ఉంటేనే. నిజమే. అలాంటి వానకు చెరువులు, నాలాలే దిక్కు, వాటి కబ్జాలను తొలగించడానికి గ్రీన్ రూఫ్ ప్రత్యామ్నాయం కాదు. కానీ నగరం ట్రాఫిక్‌ను స్తంభింపజేసి, సెల్లార్లను నింపే వానల్లో ఎక్కువ భాగం గంటలో ముగిసే 30, 50 మిల్లీమీటర్ల వానలే. వాటి మీద ఈ పొర ప్రభావం కచ్చితంగా ఉంటుంది. దాని శక్తిని పెంచే దారీ ఉంది. మట్టి కింద నీరు నిలిచే అర ఏర్పాటు చేసి, వాన సూచనను బట్టి కవాటాన్ని తెరిచే కప్పులను ఆమ్‌స్టర్‌డామ్‌లో రెసీలియో అనే పథకం కింద వేల చదరపు మీటర్ల మేర కట్టారు. ఇంకో జోడీ మన దగ్గరే ఉంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఇంకుడు గుంతలను తప్పనిసరి చేసింది. అయితే హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు. వాణిజ్య స్థలాల్లో మూడు నాలుగు సెల్లార్లు తవ్వాక ఇంకుడు గుంతకు మిగిలేది ప్రహరీ పక్కన కాస్త జాగా. అందులోకి 5 లక్షల లీటర్లు గంటలో వస్తే పొర్లిపోక ఏం చేస్తుంది? అదే నీరు సగమై, ఐదారు గంటల మీద సన్నగా దిగితే గుంతకు ఇంకించుకునే వ్యవధి దొరుకుతుంది. కప్పు, గుంత ఒకదానికొకటి తోడు.

రెండో అభ్యంతరం: తెల్ల రంగు వేస్తే పోదా? తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, వాణిజ్య భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది. అది మంచి విధానం. పేదల రేకుల ఇంటికి, గోదాముల రేకు కప్పుకు తెల్ల పూతే సరైన మందు, వాటి మీద మట్టి వేయమనడం నేరం. తెల్ల పూత చవక, త్వరగా అవుతుంది. కానీ మన దుమ్ముకు ఒక్క ఏడాదిలోనే మాసిపోయి పని తగ్గుతుంది, వాన నీటికి అది చేసేది ఏమీ లేదు. హెక్టారు విస్తీర్ణమున్న ఆర్‌సీసీ కప్పు కట్టేవారికి ఎండ ఒక్కటే సమస్య అయితే పూత చాలు. వాళ్లు వీధికి వంద ట్యాంకర్ల నీరు కూడా పంపుతున్నారు కాబట్టి పూత చాలదు. సోలార్ పలకలకు చోటు పోతుందన్న మాటా వినబడుతుంది. పలకల మధ్య, కింద మొక్కలు పెంచవచ్చు. సిలికాన్ పలక వేడెక్కే కొద్దీ డిగ్రీకి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది కాబట్టి చల్లని నేల దానికీ మంచిదే.

మూడోది: ఏప్రిల్, మే నెలల్లో తాగడానికే నీళ్లు లేని ఊళ్లో కప్పు మీద తడులా? మంచినీటితో తడపాల్సి వస్తే ఈ పని వద్దు, నేనూ ఒప్పుకోను. పెద్ద వాణిజ్య భవనానికి సొంత మురుగుశుద్ధి ప్లాంటు ఉంటుంది. శుద్ధి చేసిన నీరు చాలాచోట్ల టాయిలెట్లకు పోగా మిగిలి కాలువలో కలుస్తోంది. విశాఖలాంటి తేమ ఊళ్లలో ఏసీల నుంచి కారే నీరే చెప్పుకోదగినంత ఉంటుంది. ఈ రెండూ చాలని చోట వేసవిలో మొక్కలను ఎండనివ్వాలి. ఎండిన గడ్డి నీడా, మట్టి మందమూ స్లాబును కాపాడుతూనే ఉంటాయి, జూన్ మొదటి వానకు ఆరిన పొర పూర్తి సామర్థ్యంతో సిద్ధంగా ఉంటుంది. ఏడాదంతా పచ్చగా కనబడాలన్న కోరికను వదులుకోవాలి.

నాలుగోది అన్నిటికన్నా తీవ్రమైనది: బరువు, కారడం. 2013 నవంబరు 21న లాత్వియా రాజధాని రీగాలో ఒక సూపర్‌మార్కెట్ కప్పు మీద తోట పని నడుస్తుండగా కప్పు కూలి 54 మంది చనిపోయారు. ట్రస్సు డిజైన్‌లోనే లోపం ఉందని దర్యాప్తులో తేలింది. 2016లో హాంకాంగ్ సిటీ యూనివర్సిటీ క్రీడాశాల కప్పు, దాని మీద పచ్చదనం పరిచాక కూలింది. మన ఐఎస్ 875 ప్రమాణం మనుషులు తిరిగే చదును కప్పుకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల చర భారం, అంటే సుమారు 150 కిలోలు, లెక్కలోకి తీసుకోమంటుంది. నీరు తాగిన పది సెంటీమీటర్ల పొర ఒక్కటే 100 నుంచి 150 కిలోలు తూగుతుంది. కాబట్టి ఉన్న భవనం మీద స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం లేకుండా ఒక్క బస్తా మట్టి కూడా ఎక్కించకూడదు. కొత్త భవనంలో తడిసిన పొర బరువును మొదటి రోజు నుంచే శాశ్వత భారంగా లెక్కగట్టాలి. కారడం విషయానికొస్తే, మిశ్రమం వేయకముందే స్లాబు మీద నీళ్లు నిలబెట్టి చూడాలి. సరిగ్గా వేసిన వాటర్‌ప్రూఫింగ్‌కు పైన మట్టి ఉంటే ఎండా, రోజువారీ వ్యాకోచ సంకోచాలూ సోకవు, దాని ఆయుష్షు పెరుగుతుంది. ఆ తర్వాత కావలసింది శ్రద్ధ. వానాకాలానికి ముందు డ్రెయిన్ల జాలీలు శుభ్రం చేయాలి, పక్షులు వేసిన గింజలకు మొలిచే రావి, మర్రి మొక్కలను వేలెడంత ఉన్నప్పుడే పీకేయాలి. ఈ పాటి పని చేయించలేని యజమాని ఈ కప్పు కట్టకపోవడమే క్షేమం.

మిగిలింది డబ్బు సంగతి. ఖర్చు యజమానిది, మునగకుండా మిగిలిన లాభం దిగువ బస్తీది. అందుకే మార్కెట్టు దానంతటది ఈ పని చేయదు, నియమం కావాలి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం కొత్త చదును కప్పులన్నీ పచ్చగా ఉండాలని 2002లో చట్టం చేసింది. టొరంటో 2009లో చేసిన నిబంధన రెండువేల చదరపు మీటర్లు దాటిన భవనాలకు, పరిమాణాన్ని బట్టి, అందుబాటులో ఉన్న కప్పులో 20 నుంచి 60 శాతం మేర గ్రీన్ రూఫ్ ఉండాలంది. జర్మనీలో చాలా నగరాలు వాన నీటికి విడిగా రుసుము వేసి, కప్పు నుంచి తక్కువ నీరు పంపేవారికి తగ్గిస్తాయి. మనకు ఇది కొత్త విద్యేమీ కాదు. హైదరాబాదు కొండాపూర్‌లోని సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. దాని కప్పులో సగానికి పైగా పచ్చదనమే. మన ఎండకూ మన వానకూ తట్టుకుని ఇరవై ఏళ్లు దాటిన నమూనా మన ఊళ్లోనే ఉంది.

కాబట్టి పురపాలక శాఖలను, ఈ సభలోని ఇంజినీర్లను, ఆర్కిటెక్టులను అడుగుతున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల భవన నిబంధనల్లో పెద్ద వాణిజ్య భవనాలకు పచ్చదనం శాతాన్ని రాయకండి, నీటి లెక్క రాయండి. చదరపు మీటరు కప్పుకు ఇన్ని లీటర్లు ఆపాలి, గంటకు ఇంతకు మించి కాలువలోకి వదలకూడదు అని చెప్పండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు పొర మందాన్నీ, స్లాబు బలాన్నీ పరీక్షించండి. ప్రతి మే నెలలో తనిఖీ చేయండి, నియమం పాటించినవారికి ఆస్తిపన్నులో తగ్గింపు ఇవ్వండి, పాటించనివారి దగ్గర వాన నీటి రుసుము వసూలు చేయండి. గ్రీన్ రూఫ్‌తో సాధిస్తారో, నీటి అరతో సాధిస్తారో, రెండూ కలిపి సాధిస్తారో డిజైనర్లు తేల్చుకుంటారు. తన కప్పు మీద పడే వానకు లెక్క చెప్పలేని పెద్ద భవనానికి మాత్రం ఇకమీదట అనుమతి ఇవ్వకూడదు.